లక్షలిచ్చే దీవులు సరేనండీ, ఉండటానికి ఇల్లేది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్నామధ్య మీ ఆదివారం పేజీలో ఒక వార్త వేశారు, ఐర్లాండు, స్కాట్లాండు దీవుల్లో కాపురం పెడితే అక్కడి ప్రభుత్వాలు లక్షలకి లక్షలు చేతిలో పెడతాయని. పక్కనే ఒక తెల్ల గోడల ఇల్లు, వెనకాల నీలం సముద్రం, ఎవరికైనా సంచి సర్దుకోవాలనిపించే ఫొటో. ఆ కటింగ్ ఫోన్లో ఫొటో తీసి మా చుట్టాల గ్రూపులో ముగ్గురు నాకు పంపారు, ఒక బాబాయి గారైతే "నువ్వక్కడే ఉన్నావు కదరా, నీకెంతిచ్చారు" అని అందరి ముందూ అడిగేశారు. ఏమీ ఇవ్వలేదండి. పైగా మొదటి ఏడాది మేం ఉన్నది కారవాన్ లో. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగైతే ఏమనుకోకండి, కట్ చేస్తే మాత్రం కారవాన్ భాగం ఉంచండి.

మేం ఉండేది స్కాట్లాండు పడమటి వైపు ఒక చిన్న దీవిలో. పేరు రాయను, ఎందుకంటే ఇక్కడ జనం మొత్తం రెండొందలు కూడా లేరు, పేరు రాస్తే కారవాన్ ఎవరిదో, ఇల్లు ఇవ్వనన్నది ఎవరో అందరికీ తెలిసిపోతుంది, రేపు ఫెర్రీ క్యూలో వాళ్ల మొహం నేనే చూడాలి. మా ఆవిడ నర్సు, ఇళ్లకి వెళ్లి ముసలివాళ్లని చూసుకునే పని. నాది సాఫ్ట్‌వేర్, నెట్ ఉంటే చాలు. బాబుకి ఏడేళ్లు, వాడి బడిలో వాడితో కలిపి తొమ్మిది మంది పిల్లలు.

ముందు ఆ లక్షల సంగతి తేల్చేద్దాం. ఐర్లాండు వాళ్లు 2023 జూన్లో దీవుల కోసం ఒక పాలసీ తెచ్చిన మాట నిజమే, అందులో పాడుబడ్డ ఇల్లు బాగు చేసుకుంటే 84,000 యూరోల దాకా గ్రాంటు ఉన్న మాటా నిజమే. మన లెక్కలో అది 75 లక్షల పైమాటే కాబట్టి హెడ్డింగుకి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ ఇల్లు ముందు మీరే కొనాలి, అది కనీసం రెండేళ్లుగా ఖాళీగా పడి ఉండాలి, 2008 కంటే ముందు కట్టిందై ఉండాలి, మేస్త్రీకి, కప్పు వేసేవాడికి డబ్బులు మీరే పెట్టుకోవాలి, ఆ తర్వాత గ్రాంటు. వీసాకీ దీనికీ ఏ సంబంధం లేదు. అంటే ఇది రిపేరు ఖర్చుకి సాయం, అంతేగానీ వచ్చి ఉన్నందుకు ఇచ్చే కట్నం కాదు.

ఇక స్కాట్లాండు. 2021లో ఇక్కడి ప్రభుత్వం "ఐలాండ్స్ బాండ్" అని ఒకటి అనుకుంది, వంద కుటుంబాలకి తలా 50,000 పౌండ్ల వరకు ఇచ్చి దీవుల్లో నిలబెడదామని. ప్రపంచమంతా పేపర్లు దాన్ని అచ్చేశాయి. తర్వాత దీవుల జనాన్నే అభిప్రాయం అడిగితే, కొత్తవాళ్లకి డబ్బులిచ్చి పిలవడం తర్వాత సంగతి, ఉన్న మా పిల్లలకే ఇళ్లు లేవు, ఆ డబ్బు ఇళ్ల మీద పెట్టండి అన్నవాళ్లు చాలామంది తేలారు. 2022లో ఆ స్కీము ఎత్తేశారు. ఎత్తేసిన వార్త మాత్రం అంతగా ఎవరూ అచ్చెయ్యలేదు, మీ ఐటమ్ లో కూడా ఆ 50,000 ఇంకా బతికే ఉంది. దయచేసి సరి చెయ్యండి.

ఇప్పుడు మా కథ. మా ఆవిడకి ఉద్యోగం ఇచ్చినవాళ్లు ఎనిమిది వారాలకి ఒక గది ఇచ్చారు, ఈలోపు ఇల్లు చూసుకోండి అన్నారు. ఎనిమిది వారాలు ఎక్కువే కదా అనుకున్నాం, పట్నంలో అయితే రెండు శనివారాల పని. నేను రోజూ పొద్దున్నే లేచి వెబ్‌సైట్లు చూసేవాణ్ణి, మా దీవిలో రెంటుకి ఉన్న ఇళ్లు: సున్నా. మర్నాడు చూస్తే: సున్నా. రెండో వారానికి అర్థమైంది ఇక్కడ ఇల్లు వెబ్‌సైట్లోకి ఎక్కదని, ఎక్కేలోపే ఎవరికో మాటిచ్చేసి ఉంటారని. ఫలానా పెద్దావిడ కూతురి దగ్గరికి వెళ్లిపోతోందట అన్న కబురు ఫెర్రీ రేవు దగ్గర పుడుతుంది, ఉత్తరాలు పంచే ఆవిడ వ్యానులో ఊరంతా తిరుగుతుంది, సాయంత్రానికి ఆ ఇంటి తాళం ఎవరి చేతికెళ్లాలో తేలిపోతుంది. కొత్తగా వచ్చినవాడికి ఆ కబురు మూడో రోజు చేరుతుంది.

సరే, మనుషుల ద్వారానే వెళ్దామని ఒక కాగితం మీద "నర్సు, భర్త, ఒక బాబు, కుక్క లేదు" అని రాసి షాపు అద్దానికి అంటించాను. కుక్క లేదు అన్నది ఎందుకు రాశానో నాకే తెలీదు, ఇక్కడ కుక్క లేనివాళ్లనే అనుమానంగా చూస్తారని తర్వాత తెలిసింది. ఆ కాగితం చూసి ఒకాయన ఫోన్ చేశాడు, మంచి ఇల్లే, రెండు బెడ్‌రూములు, అక్టోబరు నుంచి మార్చి దాకా ఖాళీగానే ఉంటుంది, వేసవిలో టూరిస్టులకిస్తాడు. మాకు పండగే అనుకున్నాం. కానీ ఆయనే మళ్లీ ఫోన్ చేసి, లాయర్ వద్దన్నాడండి అన్నాడు. సంగతేంటంటే 2017 డిసెంబరు 1 నుంచి స్కాట్లాండులో కొత్త కిరాయి చట్టం, ఇల్లు ఇస్తే ఫలానా నెలకి ఖాళీ చెయ్యాలి అని గడువు పెట్టడానికి లేదు, కిరాయికున్నవాళ్లు తమంతట తాము వెళ్తేనో, చట్టంలో రాసిన కారణాల్లో ఏదో ఒకటి ఉంటేనో తప్ప. చట్టం మంచిదేనండి, అంతకుముందు దీవుల్లో ఎన్ని కుటుంబాలు చలికాలం ఇంట్లో, ఎండాకాలం ఏ షెడ్లోనో బతికాయో ఇక్కడివాళ్లే చెప్తారు, నేను దాన్ని తప్పు పట్టను. కాకపోతే ఓనర్లు చేసిందేంటంటే చలికాలం ఇవ్వడమే మానేశారు. ఆ ఇల్లు ఆరు నెలలు హీటర్ టైమర్ మీద తనకి తనే వెచ్చగా కూర్చుని ఉంది, మేం దాని పక్క పొలంలో కారవాన్ అద్దెకి తీసుకున్నాం.

కారవాన్ అంటే సినిమా హీరోలది కాదండోయ్, రేకు పెట్టె. దాన్ని గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా లారీ లోడుకి కట్టే పట్టీలతో నేలలో దిగేసిన కాంక్రీటు దిమ్మలకి బిగిస్తారు. గాలి లేచిన రాత్రి ఆ పట్టీలు తంబూరాలా మోగుతాయి, మొదట్లో భయమేసేది, తర్వాత ఆ మోత ఆగితేనే భయం, ఏ పట్టీ తెగిందోనని టార్చి పట్టుకుని బయటికెళ్లి చూసేవాణ్ణి. లోపల వంట చేస్తే ఆ ఆవిరంతా చల్లటి గోడకి పట్టి నీళ్లై కారేది, బాబు మంచం గోడకి జానెడు దూరం జరిపినా పరుపు అడుగున నల్లగా బూజు. గ్యాస్ సిలిండర్ ఫెర్రీ మీద రావాలి, ఫెర్రీ గాలికి రెండ్రోజులు ఆగిందంటే ఆ సిలిండర్ని ఎత్తి ఊపి ఎంత మిగిలిందో అంచనా వెయ్యడం నాకు విద్యలా వచ్చేసింది. ఆ రేకు పెట్టెలోంచి మా ఆవిడ పొద్దున్నే ఇస్త్రీ యూనిఫాం వేసుకుని వెళ్లి, వేరేవాళ్ల ఇంట్లో తేమ ఉంటే ఊపిరితిత్తులకి మంచిది కాదండి అని చెప్పి వచ్చేది.

పదకొండు నెలలకి ఇల్లు దొరికింది. ఒక పెద్దాయన అవతలి ఒడ్డున ఓల్డేజ్ హోముకి మారాడు, వాళ్ల అబ్బాయికి మా ఆవిడ తెలుసు కాబట్టి ఇచ్చాడు. అంటే మాది కూడా మాట మీద దొరికిన ఇల్లే. మా తర్వాత వచ్చిన టీచరమ్మకి అలాంటి మాట సాయం దొరకలేదు, ఉద్యోగం ఒప్పుకుని ఇల్లు లేక వెనక్కెళ్లిపోయింది. ఆ పోస్టు మళ్లీ ప్రకటించారు.

ఇళ్లు లేవు అంటే కట్టడాలు లేవని కాదు. డిసెంబర్లో ఇక్కడ నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది, మా కిటికీలోంచి చూస్తే బే చుట్టూ పద్నాలుగు ఇళ్లున్నాయి, దీపం వెలిగేది అయిదింట్లో. మిగతా తొమ్మిదీ హాలిడే హోములు, టూరిస్టులకిచ్చేవి, ఒకటి వారసులు తేల్చుకోలేక వదిలేసింది. మా బాబు వాటికి "నిద్రపోయే ఇళ్లు" అని పేరు పెట్టాడు. అందులో రెండు ఒకప్పటి కౌన్సిల్ ఇళ్లు, అంటే మన మునిసిపాలిటీ లాంటి ఇక్కడి కౌన్సిల్ తక్కువ కిరాయికి ఇచ్చినవి. 1980 నుంచి అందులో ఉన్నవాళ్లకే తక్కువ రేటుకి కొనుక్కునే హక్కు ఇచ్చారు, వాళ్లు కొన్నారు, వాళ్ల తర్వాత మంచి రేటొచ్చి అమ్మేశారు, ఎవర్ని తప్పు పడతాం. ఆ హక్కుని స్కాట్లాండులో 2016 ఆగస్టు 1న ఆపేశారు, కానీ అప్పటికే పోయినవి పోయాయి, పట్నంలో పోయిన ఇంటికి బదులు ఇంకోటి కడతారు, దీవిలో ఎవరు కడతారు?

కట్టడం కూడా తమాషా కాదు లెండి. సిమెంటు బస్తా, కలప, కిటికీ అద్దం, టాయిలెట్ సీటు, అన్నీ ఫెర్రీ ఎక్కాలి. మేస్త్రీలు వస్తే వాళ్లు ఉండటానికీ ఇల్లు కావాలి, ఆ ఇల్లు లేకే కదా ఈ ఇల్లు కడుతున్నది. నవ్వకండి, ఒక కాంట్రాక్టర్ ఇదే కారణం చెప్పి టెండరు వెయ్యలేదు.

ప్రభుత్వం ఏమీ చెయ్యట్లేదని అనను. 2022 అక్టోబరు నుంచి టూరిస్టులకి ఇల్లిచ్చేవాళ్లు లైసెన్సు తీసుకోవాలన్నారు, 2024 ఏప్రిల్ నుంచి రెండో ఇంటి మీద కౌన్సిల్ టాక్స్, అంటే ఇంటి పన్ను, రెట్టింపు దాకా వేసుకోవచ్చని కౌన్సిళ్లకి అధికారమిచ్చారు, రెండో ఇల్లు కొనేవాళ్లకి రిజిస్ట్రేషన్ టైములో కట్టే అదనపు పన్ను 2024 డిసెంబర్లో 8 శాతం చేశారు. మల్, ఐలా, టైరీ లాంటి దీవులున్న ఆర్గైల్ అండ్ బ్యూట్ కౌన్సిల్ అయితే 2023 జూన్లోనే ఇళ్ల ఎమర్జెన్సీ ప్రకటించింది, స్కాట్లాండులో మొట్టమొదట ప్రకటించింది వాళ్లే. కానీ పన్ను పెంచితే ఇక్కడ రెండో ఇల్లున్న ఏ లండన్ డాక్టరు గారో ఇల్లు అమ్మేస్తాడనుకోవడం నా మటుకు నాకు అత్యాశ. ఆయన కట్టేస్తాడు.

మరి ఏది పనిచేసింది అంటే, నేను చూసినంతలో భూమి ఊరివాళ్ల చేతికి వచ్చిన చోట పనిచేసింది. ఎగ్ అని ఒక దీవి ఉంది, పేరు విని మా బాబు పడీ పడీ నవ్వుతాడు. ఒకప్పుడు దీవి మొత్తానికి ఒకే ఓనర్, ఇల్లు బాగు చేసుకుందామన్నా లీజు గ్యారంటీ ఉండేది కాదు. 1997 జూన్లో ఊరివాళ్లు చందాలు పోగుచేసి ట్రస్టు పెట్టి దీవినే కొనేశారు. అప్పుడు 60 చిల్లర మంది, ఇప్పుడు వంద దాటారు, 2008లో ఎండ, గాలి, నీటితో సొంత కరెంటు కూడా పెట్టుకున్నారు. 2002లో గిఘా దీవి అలాగే కొనుక్కుంది, అక్కడ వంద లోపు ఉన్న జనం తర్వాత పెరిగారు, ఇళ్లు బాగుచేశారు, కొత్తవి కట్టారు. 2018లో ఉల్వా, అక్కడ మనుషులు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు, ప్రభుత్వ ఫండు నుంచి 44 లక్షల పౌండ్ల దాకా సాయం తీసుకుని కొన్నారు. అసలు మొదటి పని ఇళ్లకి కప్పులు వెయ్యడమే. రమ్ దీవిలో 2020లో నాలుగంటే నాలుగు కొత్త ఇళ్లు కట్టి కిరాయికి ప్రకటిస్తే వందల్లో అప్లికేషన్లొచ్చాయి. జనం రావట్లేదు కాబట్టి డబ్బిచ్చి పిలవాలి అనేవాళ్లు ఆ ఒక్క సంగతి చూస్తే చాలు. అలాంటి ట్రస్టు ఇళ్లకి అప్లై చేసేటప్పుడు మీరు ఎంత కట్టగలరు అన్నదే కాదు, వచ్చి ఏం చేస్తారు, పిల్లలున్నారా, ఫైరింజనుకి వాలంటీరుగా వస్తారా అని కూడా అడుగుతారు. పెళ్లిచూపుల్లాగే ఉంటుంది. నాకు అదేమీ తప్పనిపించలేదు, వందమంది ఉన్న చోట ఒక్కో ఇల్లు ఒక్కో ఉద్యోగంతో సమానం.

కొనడానికి వచ్చేవాళ్లకి ఇంకో మెలిక ఉంది, క్రోఫ్ట్ అంటారు. చిన్న కమతం అనుకోండి. 1886లో వచ్చిన చట్టంతో ఈ కమతాల రైతులకి వెళ్లగొట్టకుండా హక్కొచ్చింది, ఆ హక్కుతో పాటు ఇప్పుడు బాధ్యతలూ ఉన్నాయి, కమతానికి 32 కిలోమీటర్ల లోపు ఉండాలి, సాగు చెయ్యాలి, పాడుపెట్టకూడదు. "సముద్రం ఒడ్డున ఇల్లు, అయిదెకరాలు, చవక" అని ప్రకటన చూసి మనవాడొకడు గ్లాస్గో నుంచి నాకు ఫోన్ చేశాడు, అన్నా కొనేస్తున్నా అని. నేను కాగితాలు చూపించమన్నాను. అది కొనడం కాదు, కౌలు హక్కు బదిలీ, దానికి క్రోఫ్టింగ్ కమిషన్ ఒప్పుకోవాలి, వాడు ఏమో ఏడాదికి మూడు వారాలు వద్దామనుకుంటున్నాడు. క్రోఫ్ట్ నేల మీద ఉన్న ఇంటికి బ్యాంకులు మామూలుగా లోన్ ఇవ్వవు, ఇంటి స్థలం వరకు క్రోఫ్ట్ నుంచి విడగొట్టించుకుంటేనే కదుల్తాయి, అది నెలల పని. అదే నిజంగా అక్కడే ఉండి గొర్రెలు మేపుకునేవాడికైతే ఇల్లు కట్టుకోవడానికి 38,000 పౌండ్ల దాకా గ్రాంటు ఉంది. చూశారా, డబ్బులిచ్చే స్కీము నిజంగానే ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ హెడ్డింగులో పెట్టరు, గొర్రెలున్నాయి కాబట్టి కాబోలు.

మామూలు ఇల్లైతే అమ్మేవాళ్లే సర్వే రిపోర్టు ఇస్తారు, హోమ్ రిపోర్ట్ అంటారు, ఒక రోజు పెట్టి చదవండి. రేటు పక్కన "ఆఫర్స్ ఓవర్" అని ఉంటే అది అసలు రేటు కాదు, అక్కణ్ణుంచి మొదలు. ఇద్దరు ముగ్గురికి నచ్చితే ఒక తేదీ పెడతారు, ఆ రోజుకి లాయర్ ద్వారా సీల్డ్ ఆఫర్ వెయ్యాలి, పక్కవాడు ఎంత వేశాడో తెలీదు. ఆ పక్కవాడు పట్నంలో ఇల్లమ్ముకుని వచ్చినవాడైతే ఇక్కడ చేపల పడవ మీద పనిచేసే కుర్రాడు ఎప్పటికీ గెలవడు, అదీ అసలు బాధ. కొన్ని ట్రస్టులు దీనికో ఉపాయం చేశాయి, తక్కువ రేటుకి అమ్మిన స్థలం దస్తావేజులోనే ఒక షరతు రాస్తారు, మళ్లీ అమ్మాలంటే ముందు మాకే అమ్మాలి అని. 2003 నాటి చట్టం దానికి వీలిచ్చింది. అన్ని దీవుల్లో అన్ని స్థలాలకీ అలా రాస్తే ఎంత బాగుణ్ణు అనిపిస్తుంది, కానీ మా పెద్దాయన కొడుక్కి అలా అనిపించకపోవచ్చు.

ఇంకా రావాలనుకునేవాళ్లకి ఒక్కటే చెప్తాను, ఫొటో చూసి కొనకండి, ఒక జనవరి ఇక్కడ ఉండి చూడండి. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అడగండి, పబ్లిక్ లైనా, కొండ మీది ఊటా. సెప్టిక్ ట్యాంకు ఎవరి పొలంలో ఉందో అడగండి. ఇంటికి వచ్చే దారి ఎవరిదో అడగండి. ఉత్తరం వైపు గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, తడిగా ఉందా అని. ఏజెంటు నవ్వుతాడు, నవ్వనివ్వండి.

మా సంగతికొస్తే, ఆ పెద్దాయన కిందటి నెల పోయారు. మంచి మనిషి, హోములో ఉండి కూడా ఫోన్ చేసి బాయిలర్ ఎలా ఉందని అడిగేవారు. వాళ్లబ్బాయి మొన్న వచ్చి టీ తాగి, అక్కచెల్లెళ్లు ఇల్లు అమ్మేద్దామంటున్నారు, ఇంకా ఏమీ అనుకోలేదు అని చెప్పి వెళ్లాడు. అమ్మడం చట్టంలో ఉన్న కారణమే, ఆరు నెలలు దాటి ఉన్నవాళ్లకి 84 రోజుల నోటీసు ఇవ్వాలి. మా ఆవిడ ఆ రాత్రి ఏమీ మాట్లాడకుండా కప్పులు కడిగి, కారవాన్ వాళ్ల నంబరు నా ఫోన్లో ఇంకా ఉందా అని అడిగింది. ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
స్కాట్లాండు దీవి నుంచి